మా ఊరు కనిపించిన మ్యాపులు, కనిపించని మ్యాపులు

మా ఊరు కోనసీమలో ఓ చిన్న ఊరు. పక్క మండలం వాళ్ళకే సరిగ్గా తెలియదు, ఇక పేరు చెప్పి లాభం లేదు. నాకు చిన్నప్పటి నుంచీ ఓ పిచ్చి ఉండేది. ఏ మ్యాపు చేతికి దొరికినా ముందు అందులో మా ఊరు ఉందా అని వెతికేవాణ్ణి. చాలావాటిలో ఉండేది కాదు. ఉన్నవాటిలో ఒక్కోదాంట్లో ఒక్కో వేషం. ఒకచోట ఉత్త అంకెలు, ఒకచోట గీత మీద చిన్న అడ్డగీత, ఇంకోచోట లేత పసుపు రంగు. గీసినవాడికి ఏం కావాలో అదే గీసుకున్నాడు. మా ఊరిని మా ఊరిగా చూపించాలని ఎవడూ పని మానుకుని కూర్చోలేదు. ఈమధ్య ఓ వ్యవహారంలో పాత కాగితాలు బయటికి తీయాల్సి వచ్చింది. దాంతో ఆ మ్యాపులన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి.

హైస్కూల్లో మాకు గోడ మ్యాపులు ఉండేవి. వెనక గుడ్డ అంటించి, పైన వార్నిష్ పూసి, పైనా కిందా గుండ్రటి కర్రలు కొట్టినవి. సోషల్ పీరియడ్‌కి ఇద్దరు కుర్రాళ్ళు స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి భుజాన వేసుకుని తెచ్చేవాళ్ళు. ఆ పనికి మాలో మాకు పోటీ, తిరిగి పెట్టేటప్పుడు ఇంకో పది నిమిషాలు బయట తిరగొచ్చు కదా. ఇండియా రాజకీయ పటం ఒకటి, భౌతిక పటం ఒకటి, ప్రపంచ పటం ఒకటి. రాజకీయ పటంలో రంగులకి అర్థమేమీ ఉండదు. పక్కపక్క రాష్ట్రాలు ఒకే రంగులో కలిసిపోకుండా ఉంటే చాలు. అందుకు నాలుగు రంగులుంటే సరిపోతాయని 1976లో కంప్యూటరు సాయంతో నిరూపించారట. మా స్కూలు మ్యాపు అచ్చేసినవాళ్ళు మాత్రం ఎందుకైనా మంచిదని ఎక్కువే వాడారు.

భౌతిక పటంలో అలా కాదు, ప్రతి రంగుకీ లెక్క ఉంది. ఓసారి మా క్లాసులో వెనక బెంచీ వాడొకడు లేచి, "మాస్టారూ, ఎడారి అన్నారు, మరి రాజస్థాన్‌లో అంత ముక్క ఆకుపచ్చగా ఉందేంటండీ?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. బెత్తం బల్ల మీద పెట్టి, "వీడొక్కడే మ్యాపు చూశాడ్రా, మిగతావాళ్ళు నా బెత్తం చూస్తున్నారు" అన్నారు. తర్వాత విడమర్చి చెప్పారు. అక్కడ రంగు చెప్పేది ఎత్తు. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న నేల ఏదైనా ఆకుపచ్చే, ఎత్తు పెరిగేకొద్దీ పసుపు, ఆపైన గోధుమ. "ఎడారి అయినా, మీ నాన్న చేను అయినా మ్యాపుకి ఒకటే. అందులో పంట ఉందో ఇసుక ఉందో దానికి అనవసరం." ఆ మూల సూచికలో చిన్న పెట్టెల్లో రంగులు, వాటి పక్కన మీటర్లూ ఉంటాయి. అది చూడకుండా మ్యాపు చదవకూడదన్న సంగతి నాకు ఆ రోజే బుర్రకెక్కింది.

ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత ఉండేది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. మెర్కేటర్ అనే ఆయన 1569లో ఓడవాళ్ళ కోసం వేసిన పద్ధతి అది. దిక్సూచి చూపించిన దిశని మార్చకుండా పోతే ఆ దారి మ్యాపు మీద తిన్నని గీత అవుతుంది. ఆ సౌకర్యం కోసం ధ్రువాలవైపు పోయేకొద్దీ దేశాలని సాగదీయాల్సి వచ్చింది. నడిసముద్రంలో ఓడ నడిపేవాడికి అది వరం. కోనసీమలో సోషల్ చదివే పిల్లాడికి దాంతో ఏం పని? అయినా అన్ని స్కూళ్ళ గోడలకీ అదే ఎక్కింది.

పదో తరగతికి వచ్చేసరికి మ్యాపు అంటే మ్యాప్ పాయింటింగ్, మార్కులు. ఫ్యాన్సీ షాపులో అవుట్‌లైన్ మ్యాపులు కట్టలుగా అమ్మేవాళ్ళు. నర్మద, తపతి తారుమారు చేయడం, వింధ్య, సాత్పురా ఒకదాని మీద ఒకటి ఎక్కించడం అందరం చేసేవాళ్ళం. మాస్టారు ఓ కిటుకు చెప్పారు. ముందు పెన్సిల్‌తో కర్కట రేఖ గీసుకోండి, సగం పని అయిపోతుంది అనేవారు. నిజమే. అహ్మదాబాద్, భోపాల్, రాంచీ మూడూ ఆ గీతకి కాస్త కిందే వరసగా పడతాయి. అగర్తల కాస్త పైన. గీత ఒకటి కుదిరితే ఊళ్ళు వాటంతట అవే చోటు వెతుక్కుంటాయి.

అట్లాసు మాత్రం అపురూపం. మా ఇంట్లో ఆక్స్‌ఫర్డ్ స్కూల్ అట్లాసు ఒకటి ఉండేది, అన్నయ్యది. అట్టకి బ్రౌన్ పేపరు వేసి ఉంచేవాడు, నేను ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోవాలి. వెనకాల ఊళ్ళ పేర్ల పట్టిక, పేజీ నంబరు, అక్షాంశ రేఖాంశాలు. మా ఊరు లేదు. అమలాపురం ఉంది, కళ్ళు చికిలించి చూడాల్సినంత చిన్న అచ్చులో. కాకినాడ అంతకంటే పెద్ద అక్షరాల్లో, హైదరాబాదు ఇంకా లావుగా. అచ్చు సైజుని బట్టి, ఊరి గుర్తుని బట్టి జనాభా చెప్పేయొచ్చు. మా ఊరికి సరిపడేంత చిన్న అచ్చు వాళ్ళ దగ్గర లేదని అన్నయ్య ఏడిపించేవాడు.

మా ఊరు నిజంగా కనిపించిన మొదటి మ్యాపు తాతయ్య పెట్టెలోది.

తాతయ్య కరణం. 1984 జనవరిలో రామారావు గారి ప్రభుత్వం కరణాలు, మునసబుల ఉద్యోగాలు రద్దు చేసినప్పుడు దస్త్రమంతా అప్పగించేశారు. కానీ తన చేత్తో ట్రేసింగ్ గుడ్డ మీద దించుకున్న గ్రామ పటం, కొన్ని పొలాల కొలతల నకళ్ళు మాత్రం పెట్టెలోనే ఉండిపోయాయి. అవి సర్కారువి కావు, నా చేతివి అనేవారు. వేసవి మధ్యాహ్నాలు అరుగు మీద చాప వేసి, పటం పరిచి, నాలుగు మూలలా నాలుగు తమలపాకు డబ్బాలో, గ్లాసులో ఏవో ఒకటి పెట్టేవారు.

గ్రామ పటం స్కేలు మైలుకి 16 అంగుళాలు. తాతయ్య లెక్కలో అయితే అంగుళానికి ఐదు గొలుసులు. గొలుసు అంటే 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం, వెయ్యి చదరపు లింకులైతే సెంటు. ఇంగ్లండులో గంటర్ అనే ఆయన 1620 ప్రాంతంలో తయారుచేసిన గొలుసు అది. అడుగులు, గజాలు వదిలేసి 66 అడుగులు ఎందుకు పట్టుకున్నాడా అనిపిస్తుంది, సెంట్ల లెక్క వేసి చూస్తేగానీ దాని తెలివి బోధపడదు. ఆ సెంట్లని మావాళ్ళు మళ్ళీ కుంచాల్లోకి మార్చుకునేవాళ్ళు, పది సెంట్లు ఒక కుంచం. పిల్లకి కట్నంగా ఎన్ని కుంచాలు ఇస్తున్నారు అని అడగడం నేను చెవులారా విన్నాను.

పటంలో మా ఊరు చిన్నా పెద్దా పలకలుగా ముక్కలై ఉండేది. ప్రతి ముక్కలో ఒక సర్వే నంబరు. పుంతలు, అంటే బళ్ళ దారులు, జంట గీతలు. కాలువలు, చెరువు, శ్మశానం, మూడు ఊళ్ళు కలిసే చోట రాయి, దానికి వేరే గుర్తు. ఊరి చుట్టూ ఇంత వివరం ఉండి, నడిమధ్యలో మాత్రం ఒక పెద్ద ఖాళీ ముక్క.

"మన ఇల్లేది తాతయ్యా?"

"ఇదిగో, ఇందులో ఎక్కడో ఉంటుంది. ఇదంతా గ్రామకంఠం."

"మరి ఇళ్ళు గీయలేదే?"

"ఇళ్ళకి శిస్తు లేదురా. శిస్తు రాని జాగా ఎవడు కొలుస్తాడు?"

ఎన్ని పుస్తకాలు తిరగేసినా మ్యాపుల గురించి ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. తెల్లదొరలు కోట్ల ఎకరాలు గొలుసు వేసి కొలిచారు, లింకు తేడా రాకుండా రాశారు. మనుషులు పడుకునే చోటికి వచ్చేసరికి ఒక నంబరు తగిలించి ఊరుకున్నారు.

పొలాల కొలతల పుస్తకాన్ని ఎఫ్ఎంబి అంటారు. ఒక్కో సర్వే నంబరుకి ఒక్కో పేజీ. అందులో బొమ్మ కంటే అంకెలే ముఖ్యం. పొలం ఒక మూల రాయి నుంచి ఎదురు మూల రాయికి గొలుసు లాగుతారు, ఆ గీత పేరు జీ లైను. దాని వెంట నడుస్తూ, గట్టు వంపు తిరిగిన చోటల్లా ఆ గీత నుంచి లంబంగా ఎంత దూరమో కొలుస్తారు. 140 లింకుల దగ్గర కుడికి 32. 215 దగ్గర ఎడమకి 18. అలా రాసుకుంటూ పోతారు. పేజీ చూస్తే పొలం పొట్టనిండా నిలువు గీతలు, చీమల్లాంటి అంకెలు.

అవెందుకో 1986లో తెలిసింది. ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మావైపు ఎవరూ మర్చిపోలేదు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు చేరింది. నీళ్ళు తీశాక చూస్తే పల్లపు చేలల్లో గట్లు లేవు, మేట తప్ప ఏమీ లేదు. ఎవరి చెక్క ఎక్కడ మొదలవుతుందో తెలియక రైతులు తాతయ్య దగ్గరికే వచ్చారు. "నేనిప్పుడు కరణాన్ని కాదయ్యా" అని ఓ మాట అనేసి, కళ్ళజోడు తుడుచుకుని బయల్దేరారు. రెండు రాళ్ళు తవ్వితే బయటపడ్డాయి. వాటి మధ్య తాడు కట్టి, నకలు చూస్తూ కుడికి ఇంత, ఎడమకి ఇంత అని చెబుతుంటే వెదురు పుల్లలు గుచ్చుకుంటూ పోయారు. సాయంత్రానికి పాత గట్టు పుల్లల రూపంలో మళ్ళీ లేచి నిలబడింది. పొలం ఎలా ఉందో చూపించేది ఒక రకం మ్యాపైతే, పొలం పోయినా మళ్ళీ కట్టుకోగలిగేది ఇంకో రకం. ఎఫ్ఎంబి రెండో రకం.

మా మావయ్య ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరు. ఆయన ఆఫీసులో గోడకి ఉన్న కాగితం చూసినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. కాలువ మ్యాపు అన్నారు, తీరా చూస్తే స్కేలు పెట్టి గీసిన ఒక తిన్నని గీత. మా కాలువ ఊరి దగ్గర ఎన్ని వంకర్లు తిరుగుతుందో నాకు తెలుసు, ఈదిన కాలువ అది. గీతకి అటూ ఇటూ చిన్న చిన్న అడ్డగీతలు. ప్రతి అడ్డగీత దగ్గర ఒక మైలు అంకె, ఒక పేరు, ఎకరాలు. దిక్కులు లేవు, ఊళ్ళు లేవు, గుడి లేదు.

"ఇదేం మ్యాపు మావయ్యా, కాలువ ఇలా లేదుగా?"

అక్కడే ఉన్న లస్కరు, కాలువ మీద నీళ్ళు చూసుకునే మనిషి, నవ్వాడు. "ఆయ్, వంకర్లతో మనకేం పనండీ బాబూ. నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో అదండీ మనకి కావాల్సింది."

దాన్ని లైన్ డయాగ్రమ్ అంటారు. కాలువ తల నుంచి చివర దాకా ఏ మైలు దగ్గర లాకు ఉంది, ఎక్కడ వంతెన ఉంది, కుడివైపు ఏ తూము, దాని కింద ఆయకట్టు ఎంత, ఎడమవైపు ఏ తూము, ఇంతే. మావైపు నీళ్ళ కోసం జరిగే తగువులన్నీ ఆ ఒక్క గీత మీద అర్థమవుతాయి. పైనున్న తూములు ముందు తాగుతాయి, శివారు వాళ్ళకి వంతు వచ్చేసరికి అడుగంటుతుంది. ఆకుపచ్చ రంగు వేసిన మ్యాపులో శివారు చేను, ఎగువ చేను ఒకేలా కనిపిస్తాయి. ఈ గీత మీద మా ఊరి తూము కింద నుంచి మూడోది. వైశాఖంలో కాలువలు కట్టేసి మళ్ళీ వదిలాక, నీళ్ళు అందాయా అని మా నాన్న రోజూ గట్టు మీదకి ఎందుకు వెళ్ళేవారో ఆ గోడ చూశాక తెలిసింది.

చాలా ఏళ్ళకి లండన్ భూగర్భ రైళ్ళ మ్యాపు కథ చదివాను. హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో గీస్తే 1933లో అచ్చేశారు. ఎలక్ట్రికల్ సర్క్యూట్లు గీసిన చెయ్యి ఆయనది. నేల కింద పోయేవాడికి పైన దూరం, వంకర అనవసరం, ఏ స్టేషన్ తర్వాత ఏది, ఎక్కడ మారాలి అనేదే కావాలని తిన్నని గీతలు గీశాడు. ఇప్పుడు హైదరాబాద్ మెట్రోలో తలుపు పైన కనిపించేదీ అదే పద్ధతి. అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్‌లలో మారండి, మిగతా ఊరు ఉందో లేదో మాకక్కర్లేదు అంటుంది. అందరూ దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. మా లస్కరు ముక్క ఎవరూ చెప్పుకోరు.

రైలు మ్యాపు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. మా చిన్నప్పుడు దక్షిణ మధ్య రైల్వే మ్యాపులో కోనసీమ మొత్తం ఖాళీ. బ్రాడ్ గేజ్‌కి ఒక రకం గీత, మీటర్ గేజ్‌కి ఒక రకం, మాకు ఏ రకమూ లేదు. కాకినాడ నుంచి కోటిపల్లికి ఒకప్పుడు రైలు ఉండేదని, రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాలు పీక్కుపోయారని పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. 2004లో మళ్ళీ వేశారు. కోటిపల్లి నుంచి నరసాపురానికి లైను 2000-01లో మంజూరైంది. అప్పటి నుంచి మ్యాపుల్లో మా మీదుగా చుక్కల గీత. ప్రతిపాదన అని అర్థం. గోదావరి పాయల మీద స్తంభాలు లేచాయి, చుక్కలు మాత్రం ఇంకా కలిసి గీత కాలేదు. రైలు మ్యాపులో రాబోయే కాలాన్ని గీసేది ఆ చుక్కల గీత ఒక్కటే. మావైపు కొత్తగా స్థలం అమ్మేవాళ్ళకి అది అసలైన రైలు కంటే ఎక్కువ పనికొచ్చింది.

డిగ్రీ తర్వాత విశాఖలో జియాలజీ చదివాను. అక్కడ టోపో షీటు చేతికొచ్చింది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళది, 1:50,000, అంటే మ్యాపు మీద రెండు సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. నీళ్ళు నీలం, ఎండిపోయే వాగులు నలుపు, సాగు భూమి పసుపు, చెట్టూ చేమా ఆకుపచ్చ, ఇళ్ళూ రోడ్లూ ఎరుపు, ఎత్తులు గోధుమ రంగు. పీఓ అంటే పోస్టాఫీసు, పీఎస్ అంటే పోలీస్ స్టేషన్, ఆర్ఎఫ్ అంటే రిజర్వు ఫారెస్టు. చెరువు గట్టు పక్కన 3ఆర్ అని ఉంటే ఆ గట్టు చుట్టూ నేల కంటే మూడు మీటర్లు ఎత్తు అని. కొండ మీద చిన్న త్రిభుజం, పక్కన అంకె ఉంటే అది త్రికోణ సర్వే చేసిన చోటు. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే దొర మొదలుపెట్టిన ఆ పని దేశమంతా పాకింది.

ఇక కాంటూరు రేఖలు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు అని పుస్తకంలో ఉంటుంది. మా ప్రొఫెసర్ గారు అంతకంటే తేలిగ్గా చెప్పారు. వేసవిలో చెరువు నీళ్ళు అంచెలంచెలుగా దిగుతుంటే గట్టు లోపలి వైపు చారలు మిగులుతాయి చూశారా, ఒక్కో చార ఒక్కో కాంటూరు. గట్టు నిట్టనిలువుగా ఉన్న చోట చారలు దగ్గర దగ్గరగా, పల్లంగా జారిన చోట ఎడం ఎడంగా. ఇది విన్నాక 57 జే/5 షీటు ముందు పెట్టారు. గండికోట ఉన్న షీటు అది. పెన్నా నది నీలం రంగులో వస్తూ ఉంటుంది, అటూ ఇటూ గోధుమ గీతలు ఎడంగా ఉంటాయి. కోట దగ్గరికి వచ్చేసరికి ఆ గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయి లావుపాటి కట్ట అయిపోతాయి. వేలితో తడిమితే కాగితం చదునుగానే ఉంటుంది. అయినా ఆ లోయ అంచున నిలబడ్డట్టు అరికాళ్ళు జిల్లుమన్నాయి. తర్వాత ఫీల్డుకి వెళ్ళి నిజంగా నిలబడ్డాను, షీటులో ఉన్నట్టే ఉంది.

సహజంగానే మా ఊరి షీటు అడిగాను. తీరం పక్క షీట్లు అప్పట్లో నిషిద్ధం, బయటికి ఇవ్వరు. ఇనప బీరువాలో ఉంటాయి, దానికి దరఖాస్తు, సంతకాలు, ఓ పెద్ద తంతు. మా ఊళ్ళో కొబ్బరిచెట్లు తప్ప శత్రుదేశానికి పనికొచ్చేది ఏముందో నాకైతే తోచలేదు. ఇంటర్నెట్ వచ్చాక ఓ రోజు టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ సైటులో అమెరికా సైన్యం 1950లలో తయారుచేసిన ఇండియా మ్యాపులు కనబడ్డాయి. 1:2,50,000 స్కేలు, ఎవరైనా చూసుకోవచ్చు. అందులో మా ఊరు ఉంది! స్పెల్లింగ్ తప్పు, కాలువ మాత్రం సరైన చోటే. విశాఖలో తాళం వేసి ఉన్న సంగతి టెక్సాస్‌లో తలుపు తీసి పెట్టారు. మనవాళ్ళు 2005లో జనానికి వేరే వరస షీట్లు అనుకున్నారు, 2021లో నిబంధనలు బాగా సడలించారు.

ఆ అమెరికా షీటులోనూ, ఆ తర్వాత చూసిన మన షీటులోనూ ఒక విషయం గమ్మత్తుగా అనిపించింది. మావైపు కాంటూరు గీత ఒక్కటీ లేదు. 20 మీటర్లకి ఒక గీత గీస్తే 10 మీటర్లు కూడా లేని నేల మీద ఏం పడుతుంది? కాలువలు, డ్రెయిన్లు, కొబ్బరి గుర్తులు, ఎర్ర చుక్కల ఇళ్ళు, అక్కడక్కడా రెండు, మూడు అని ఎత్తు అంకెలు. మా ఊళ్ళో మాత్రం మెరక చేను, పల్లపు చేను అని ధరలో ఎంత తేడా ఉంటుందో! అరమీటరు ఎత్తు తేడాతో పెళ్ళి సంబంధాలు తప్పిపోయాయి. ఆ అరమీటరు టోపో షీటు కంటికి ఆనదు.

జియాలజీ మ్యాపులో అయితే అదీ లేదు. అక్కడ రంగు కాలాన్ని చెబుతుంది. రాజమండ్రి దగ్గర లావా రాళ్ళకి ఒక రంగు, ఇసుకరాళ్ళకి ఒకటి, విశాఖ కొండల్లోని ఖోండలైటు అనే రాయికి ఇంకోటి. ధవళేశ్వరం దాటితే మొత్తం లేత పసుపు, నిన్నమొన్నటి ఒండ్రు. మా ఊరు, పక్క ఊరు, అమలాపురం అన్నీ ఆ పసుపులో మునిగాయి. భూమి వయసు పక్కన పెడితే మేం అప్పుడే పుట్టాం.

జనాభా, అక్షరాస్యత మ్యాపుల మీద మాత్రం నాకు మొదటి నుంచీ కోపం. జిల్లాకి ఒక రంగు పూసేస్తారు. ముదురైతే ఎక్కువ, లేతైతే తక్కువ. 2011 జనాభా లెక్కల్లో తూర్పుగోదావరి జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 477. అటు రంపచోడవరం అడవులకీ, ఇటు ఇల్లుకి ఇల్లు తగిలే కోనసీమకీ కలిపి ఒకటే రంగు. 477 అనేది ఏజెన్సీలోనూ నిజం కాదు, మా దగ్గరా కాదు. 2022లో జిల్లాలు విడగొట్టాక అదే లెక్కలతో మళ్ళీ రంగులు వేస్తే కోనసీమ 800 దాటి ముదురు రంగుకి వచ్చేసింది, అల్లూరి సీతారామరాజు జిల్లా 100 లోపు పడి తేలిపోయింది. ఒక్క మనిషి కూడా ఇల్లు మారలేదు, సరిహద్దు గీత మారింది, అంతే. ఇంత జనానికి ఒక చుక్క అని వేసే మ్యాపులు ఈ విషయంలో కాస్త నయం. చుక్కలు అడవిలో పలచగా, డెల్టాలో చిక్కగా పడతాయి, జిల్లా గీతతో వాటికి పని లేదు. ఎందుకో పేపరోళ్ళకి రంగులంటేనే ఇష్టం.

1996 నవంబరు 6. నేను విశాఖలోనే ఉన్నాను, నాలుగు రోజుల్లో దీపావళి. పేపర్లో తుఫాను మ్యాపు వేశారు. నలుపు తెలుపులో బంగాళాఖాతం, అందులో ఒక సుడి గుర్తు, తీరం వైపు ఒక బాణం. వాతావరణ శాఖ వాళ్ళ అసలు చార్టులో అయితే సమభార రేఖలుంటాయి, కాంటూర్ల చుట్టాలే. ఒకే పీడనం ఉన్న చోట్లని కలిపే గీతలు, అవి ఎంత దగ్గరగా ముడుచుకుంటే గాలి అంత ఉధృతం. పేపర్లో ఆ వివరం ఉండదు. బాణం మొన కాకినాడ దగ్గర ఉంది కదా, మనకి కాస్త దూరమే అని సర్దిచెప్పుకున్నాను. ఆ రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణంగా, సరిగ్గా మా నెత్తి మీదే తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. మావాళ్ళు స్కూలు భవనంలో ఉండి బయటపడ్డారు. ఆ సంగతి తెలిసేదాకా పడిన టెన్షన్ ఇప్పుడు తలుచుకున్నా కడుపులో దేవినట్టుంటుంది. బస్సులు తిరిగాక వెళ్తే, తెలిసిన దారి తెలియలేదు. దారికి గుర్తులుగా పెట్టుకున్న చెట్లన్నీ ఒకే దిక్కుకి తల పెట్టి పడుకున్నాయి.

ఇప్పుడు బాణం వేయడం లేదు. 2009 నుంచి మన వాతావరణ శాఖ కూడా ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు ఆకారం గీస్తోంది. తుఫాను కేంద్రం అందులో ఎక్కడైనా ఉండొచ్చని దాని భావం. తుఫాను అంత వెడల్పు ఉంటుందని కాదు, గరాటు బయట గాలివాన ఉండదనీ కాదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు టీవీలో అది చూపిస్తుంటే మా పెదనాన్న కొడుకు ఫోన్ చేసి, "మనం గీతకి బయటున్నాం కదరా?" అన్నాడు. "బయటున్నా సరే కిటికీలు బిగించుకోండి" అన్నాను. విశాఖ మీద పడింది, మా దగ్గర వానతో పోయింది.

ఆ పెదనాన్న కొడుకుతోనే ఇప్పటి వ్యవహారం. 2020 డిసెంబరులో ఆంధ్రాలో భూముల రీసర్వే మొదలైంది. గొలుసు పోయింది, జీ లైను పోయింది. డ్రోను పైనుంచి ఫోటోలు తీస్తుంది, కింద రోవర్ అనే కర్ర నిలబెట్టి ఉపగ్రహాల సాయంతో కొలతలు తీసుకుంటారు. సర్వే నంబర్లకి బదులు కొత్త నంబర్లు. అదే ఏడాది కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో గ్రామకంఠాలు కూడా కొలుస్తున్నారు. తాతయ్య పటంలో ఖాళీగా ఉన్న ముక్కలోకి మొదటిసారి ఇళ్ళు వచ్చాయి. ఫోన్‌లో పంపిస్తే చూశాను. మా పెంకుటిల్లు ఓ పలక, పెదనాన్న గారి డాబా ఓ పలక, ప్రహరీలు, సందు, పశువుల పాక సహా.

ఇన్నేళ్ళూ ఆ పాక వెనక సందు ఎవరిదో ఎవరికీ పట్టలేదు. రెండిళ్ళ ఆడవాళ్ళూ అక్కడే పిడకలు కొట్టుకునేవాళ్ళు, పిల్లలం అక్కడే గోలీలాడాం. కొలిచాక అది పెదనాన్న గారి పలకలో పడింది. మా అన్నయ్య ఒప్పుకోడు. అర్జీ పెట్టాడు, మళ్ళీ కొలవడానికి వస్తామన్నారట, ఎప్పుడన్నది చెప్పలేదు. మొన్న రాత్రి ఫోన్ చేసి, "తాతయ్య ట్రేసింగులు నీ దగ్గరే ఉన్నాయి కదా, పట్టుకురా" అన్నాడు.

"వాటిలో గ్రామకంఠం ఖాళీ అన్నయ్యా, సందు ఎక్కడుంది?"

"ఖాళీ అని మనకి తెలుసు, వాడికేం తెలుసు? చుట్ట విప్పకుండా చంకలో పెట్టుకుని నిలబడు చాలు, వాడే దారికొస్తాడు" అన్నాడు.